పిచ్చిమొక్క అనే మాట మానండి

మా ప్రాంతంలో, అంటే కలికిరి, వాయల్పాడు, మదనపల్లె గుట్టల నడుమ, ఈ మధ్య ఒక కొత్త వేడుక బయలుదేరింది. దాని పేరు ప్రకృతి నడక. ఆదివారం తెల్లవారుజామున నలుగురైదుగురు పెద్దలు, వారి వెంట ముప్పై నలభైమంది యువకులు, ఒక బ్యానరు, ఒక ట్రాక్టరు నిండా మొక్కలు. గుట్ట ఎక్కడం, గుంతలు త్రవ్వడం, మొక్కలు పెట్టడం, ఫోటో తీసికోవడం, ఉప్మా తిని దిగడం. ఇందులో పాల్గొన్నవారు మంచివారే. పొద్దున్నే లేచి చెమటోడ్చేవాణ్ణి నిందించడానికి ఎవరికీ నోరు రాదు. అయినా నిందించక తప్పదనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నిందలో మొదటి వాటా నాదే.

గత వర్షాకాలంలో అట్లాంటి నడకకు నన్నూ పిలిచారు. విశ్రాంత తెలుగు పండితుడు గదా, చెట్టును గురించి రెండు పద్యాలు చదువుతాడని ఆశించి ఉంటారు. వెళ్ళాను. గుట్ట వాలులో తంగేడు, బందారు, బలుసు, కలివె పొదలు మోకాలెత్తున ఉన్నవి. "ముందు ఈ పిచ్చిమొక్కలన్నీ పీకేయండి" అన్నారు నాయకత్వం వహిస్తున్నవారు. పిల్లలు ఉత్సాహంగా పీకారు. గంటలో వాలు బోడి అయింది. ఆ చోట నూరు గుంతలు త్రవ్వి కోనోకార్పస్, నిద్రగన్నేరు, ఏడాకుల పాల మొక్కలు పెట్టారు.

అప్పుడు మేకలు తోలుకొని వెళుతున్న ఒక పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి కొంతసేపు చూచి, నన్ను గుర్తుపట్టి అడిగాడు: "ఏం అయివోరా, ఆ బందారు ఏం పాపం చేసిందని పీకతా ఉండారు? దాన్ని మేక ముట్టదు. దాని చాటున మొలిచిందే గదా, మేకలకు దొరక్కుండా మానయ్యేది!"

నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర లేదు గనుక చెప్పలేదు. శివరాత్రి నాటికి ఆ నూరు మొక్కల్లో బ్రతికినవి వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పీకేసిన చోట బందారు తిరిగి రాలేదు, వయ్యారిభామ వచ్చింది.

ఆ పశువుల కాపరి ఒక్క వాక్యంలో చెప్పినదానిని వృక్షశాస్త్రజ్ఞులు 'దాది మొక్క' అన్న భావనతో వివరిస్తారు. ఎండ కాచే రాతి వాలులో విత్తనం తానుగా మొలవలేదు. పశువు తినని ఒక పొద కావాలి. దాని నీడలో నేల కాస్త చల్లగా ఉంటుంది. రాలిన ఆకు ఎరువవుతుంది. వానకు కొట్టుకుపోయే మట్టి దాని మొదట్లో ఆగుతుంది. పక్షి ఆ కొమ్మ మీద వాలి రెట్ట వేస్తుంది. ఆ రెట్టలో రేగు విత్తనమో, బలుసు విత్తనమో, వేప విత్తనమో ఉంటుంది. ఇట్లా పొద తల్లియై చెట్టును పెంచుతుంది. మనం చేసినదేమిటి? తల్లిని పీకి పారవేసి, ఎక్కడి నుంచో తెచ్చిన బిడ్డను ఎండలో నిలబెట్టి, పక్కన నిలబడి ఫోటో తీయించుకొన్నాము.

భాషా పండితుడిగా నాకు అర్థమైనంతలో ఈ అపరాధం గడ్డపారతో మొదలు కాలేదు. మాటతో మొదలయింది. 'పిచ్చిమొక్క' అన్నమాట నోట వచ్చిన క్షణాన ఆ మొక్క చావు ఖాయమయింది. పేరు తెలిసినదానిని పీకడానికి చేయి కొంచెం వెనుకాడుతుంది. తంగేడును తంగేడు అన్నవాడు దాని పూవును తలచుకొంటాడు. తోలు పదును పెట్టేవారికి దాని బెరడు ఎన్ని తరాలు అన్నం పెట్టిందో తలచుకొంటాడు. పిచ్చిమొక్క అన్నవాడికి తలచుకోవడానికి ఏమీ ఉండదు.

బౌద్ధ వాఙ్మయంలో జీవకుని కథ ఉన్నది. తక్షశిలలో వైద్యం నేర్చిన జీవకుని గురువు ఒక పలుగు చేతికిచ్చి, ఊరి చుట్టూ యోజనం మేర తిరిగి మందుకు పనికిరాని మొక్క ఒక్కటి తెమ్మంటాడు. జీవకుడు తిరిగి తిరిగి ఖాళీ చేతులతో వచ్చి, అట్లాంటిది కనిపించలేదంటాడు. చదువు పూర్తయిందని గురువు పంపించివేస్తాడు. నా దృష్టిలో లోకంలో మొట్టమొదటి ప్రకృతి నడక అదే. మనవాళ్ళను అదే పరీక్షకు పంపితే? గంటలో ట్రాక్టరు నింపుకొని వస్తారు!

మాట చేసే కీడు ఊరివారి నోట ఆగదు. అదే మాట కాగితానికెక్కితే ఆజ్ఞ అవుతుంది. రెవెన్యూ లెక్కల్లో 'బంజరు' అన్న ఒక్క ముక్క చాలు, గుట్టకు దిక్కు లేకుండా పోవడానికి. హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం కేంద్ర ప్రభుత్వానికి తయారుచేసి ఇచ్చే బంజరు భూముల పటాల్లో, 2000 నాటి మొదటి ప్రతి నుంచీ, పొదలున్న నేల ఒక బంజరు వర్గమే. మేకలు మేసే చోటు, బోదగడ్డి కోసుకొనే చోటు, తేనె దొరికే చోటు, నన్నారి గడ్డ దొరికే చోటు, అదంతా పటంలో వ్యర్థం. వ్యర్థమన్నాక దానిని 'సద్వినియోగం' చేయడానికి ఎవరైనా రావచ్చు.

అనంతపురం వైపు కల్పవల్లి చూడండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990లో మొదలయింది. చుట్టుపక్కల గ్రామాలవారు కలిసి వేల ఎకరాల బోడి గుట్టలను కాపాడుకొన్నారు. అక్కడ జరిగినది ప్రధానంగా నాటడం కాదు, కాపలా. నిప్పు పడకుండా చూచారు, గొడ్డలి పడకుండా చూచారు, నేలకు తీరిక ఇచ్చారు. గడ్డి వచ్చింది, పొద వచ్చింది, దాని వెనుక చెట్టు వచ్చింది. అయితే లెక్కల్లో అది బంజరు గనుక, గాలిమరలకోసం అదే గుట్టల మీద రోడ్లు పడ్డవి. గాలిమరలు చెడ్డవని నేననను. పేరులేని అడవికి ఏ రక్షణా లేదనడానికి ఇంతకన్న తార్కాణం వద్దంటున్నాను.

ఇప్పుడు నా వాటా చెప్పుకొంటాను. 1990లలో నేను పనిచేసిన బడి వెనుక గుట్ట ఉండేది. వనమహోత్సవం వచ్చిందంటే పిల్లలచేత పొదలు కొట్టించి, నీలగిరి, సుబాబుల్ మొక్కలు నాటించేవాణ్ణి. చేతులు కడుక్కొని తరగతిలోకి వచ్చి ప్రబంధాల్లోని వనవర్ణన పాఠం చెప్పేవాణ్ణి! పొన్న, పొగడ, సురపొన్న, మొల్ల అని వల్లె వేయించేవాణ్ణి. కిటికీ అవతల ఉన్న ఊడుగ చెట్టును చూపి 'ఇదేమిటి?' అని ఒక్కనాడూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకే తెలియదు. అంకోలమని నిఘంటువులో చదివాను. అదే ఊడుగ అని, అది నా కిటికీ దగ్గరే ఉన్నదని ఉద్యోగ విరమణ తర్వాత తెలిసింది. పర్యాయపదాలు పదిమంది పిల్లలకు నేర్పిన పండితుడు పదార్థాన్ని పోల్చలేకపోయాడు.

వాయల్పాడు సంగతి మరీ విచిత్రం. ఈనాడు వాల్మీకిపురమంటున్నాము. అన్నమాచార్యుడు తన సంకీర్తనల్లో అక్కడి రాముణ్ణి వావిలిపాటి రాముడిగా కొలిచాడు. వావిలిపాడు! ఆ పేరులో వినిపించేది వావిలి చెట్టేనని నా నమ్మకం. సింధువార మని సంస్కృతంలో అంటాము. వాగు గట్టున పెరిగే ఊదారంగు పూల చెట్టు. బాలింతలకు దాని ఆకులు వేసి కాచిన నీళ్ళు పోయడం మన ఇళ్ళలో ఇంకా మాసిపోలేదు. ఆ ఊళ్ళో బస్సు దిగి పదిమందిని నిలబెట్టి వావిలి చూపమని అడిగాను. ఇద్దరు చూపారు. ఇద్దరూ ముసలమ్మలే.

కొండకూ అదే గతి. ఏనుగు మల్లమ్మ కొండ అని మనవాళ్ళు పిలుచుకొన్నది కడప కలెక్టరు హార్స్‌లీ దొర వేసవి విడిది కట్టుకొన్నాక హార్స్‌లీ కొండలయింది. అక్కడికి పోయినవారు తప్పక చూచివచ్చే చెట్టు ఏది? 1859లో నాటారని చెప్పే నీలగిరి చెట్టు. దానికి కళ్యాణి అని ముద్దుపేరు కూడా. ఆస్ట్రేలియా చెట్టుకు తెలుగు పేరు, తెలుగు కొండకు ఇంగ్లీషు పేరు! ఆ చెట్టు మీద నాకు కోపం లేదు. నూటయాభై ఏళ్ళు దాటిన ప్రాణికి దండం పెట్టవలసిందే. కాని అదే కొండ బండల మధ్య పొదల్లో పసుపు గొంతు పికిలిపిట్ట ఉన్నది. దక్షిణ భారతంలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని పక్షి. దానికి కావలసింది రాళ్ళు, రాళ్ళ సందున పొదలు. మనం 'అభివృద్ధి' చేయదలచిన పిచ్చిమొక్కల వాలే దాని ఇల్లు.

ఎదురువాదాలు వచ్చేలోగా నేనే చెప్పుకొంటాను.

మొదటిది: "అసలేమీ చేయనివాడికన్న ఏదో ఒక మొక్క నాటినవాడు మేలు గదా?" కాదు. మా వాలు విషయంలో ఏమీ చేయనివాడే మేలు చేశాడు. ఇంట్లో కూర్చున్నవాని వలన బందారు చావలేదు. తెలంగాణలో 2015లో హరితహారం, ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఒక్కరోజున కోటి మొక్కల సంకల్పంతో వనం మనం, ఇట్లా లెక్కలు పెద్దవయినకొద్దీ త్వరగా పెరిగే మొక్క కోసం వెతుకులాట ఎక్కువయింది. కోనోకార్పస్ అట్లాగే వీధివీధికీ వచ్చింది. ఆ తర్వాత గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దానిని నాటవద్దని ఆజ్ఞలిచ్చినవి. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

రెండవది: "దేశవాళీ, పరదేశీ అని మొక్కలకు కూడా కులపరీక్ష పెడతారా?" ఇది గట్టి ప్రశ్నే. చింత ఆఫ్రికా నుంచి వచ్చింది. మా గుట్టల నిండా ఉన్న సీతాఫలం అమెరికా నుంచి వచ్చింది. అవి లేని రాయలసీమను నేను ఊహించలేను. చింతపర్తిలో చింతను పరాయిదనగల మొనగాడెవడు? నా పరీక్ష పుట్టుకను గురించి కాదు, నడతను గురించి. వచ్చిన చోట పదిమందితో కలిసి బ్రతికినది మనదే. తాను తప్ప ఇంకెవరూ ఉండరాదన్నది, ఎక్కడ పుట్టినా సరే, శత్రువే. పులికంప అట్లాంటిది. వయ్యారిభామ అట్లాంటిది. సర్కారు తుమ్మ అట్లాంటిది. ఈ తుమ్మను కరువు నేలకు వంటచెరకు అవుతుందన్న సదుద్దేశంతోనే 1870ల చివర కడప జిల్లాకు తెచ్చారు. తెప్పించినవారిలో ముఖ్యుడు మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్. వృక్షాలను ఎంతో ప్రేమించిన మనిషి. శేషాచలం, కడప కొండల్లో తప్ప మరెక్కడా దొరకని సైకస్ జాతికి ఆయన పేరే ఉన్నది. అంత తెలిసినవాని సదుద్దేశమే చెరువులను తుమ్మ అడవులు చేసినప్పుడు, ఏమీ తెలియని మన సదుద్దేశం మాట వేరే చెప్పాలా?

మూడవది: "పట్నపు పిల్లలు ఈ నెపానైనా కొండ ఎక్కుతున్నారు, అదీ మాన్పిస్తారా?" మాన్పించను. కొండ ఎక్కండి, ఖాళీ చేతులతో ఎక్కండి అంటున్నాను. మనకు నడకలు కొత్త కాదు. వినాయక చవితికి పత్రి కోసం పిల్లలు గుట్ట ఎక్కడం ఏమిటి? ఇరవై ఒక్క ఆకుల పరీక్ష! ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, వావిలి, రేగు, జమ్మి, మద్ది, జిల్లేడు, విష్ణుక్రాంతం, ఏది ఏదో తెలియకపోతే పూజ లేదు. ఈనాడు సంతలో పదిరూపాయల కట్ట కొంటున్నాము. అందులో ఉన్నది ఏ ఆకో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. అందులో దేవదారు పత్రం హిమాలయాలది అని కొందరు పెదవి విరుస్తారు. మా గుట్టల మీద దేవదారి అనే చిన్న చెట్టు ఉన్నది. అసలు దేవదారుతో దానికి చుట్టరికం లేదు. అయినా మన పూర్వులు అందని కొండ మీది చెట్టు పేరును అందే గుట్ట మీది చెట్టుకు పెట్టుకొని, పూజనూ చెట్టునూ రెంటినీ నిలుపుకొన్నారు. ఆ తెలివిలో నాలుగోవంతు మనకుంటే చాలు.

మరి స్వచ్ఛంద సేవ అంటే ఏమి చేయాలి? చేసినవారిని చూచి నేర్చుకోవచ్చు. మదనపల్లెకు కూతవేటు దూరంలోనే ఋషి వ్యాలీ ఉన్నది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920లలో ఎంచుకొన్న ఆ లోయను చూచినవారు, ఆనాటి బోడి కొండలనూ ఈనాటి పచ్చదనాన్నీ పోల్చి చెబుతారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకొన్నారు. రంగస్వామి, శ్రీధర్‌లు 1993లో వెలువరించిన ఋషి వ్యాలీ పక్షుల పుస్తకం పేరులోనే వాటి ఆవాసాల పునరుద్ధరణ అన్న మాట ఉన్నది. పక్షిని పిలవనక్కరలేదు, ఇల్లు బాగుచేస్తే అదే వస్తుంది. అమెరికాలో ఉన్న మిత్రులు వీలుంటే పెన్సిల్వేనియాలో 1934లో మొదలయిన బౌమన్స్ హిల్ అడవిపూల వనాన్ని చూచిరండి. అక్కడ స్వచ్ఛంద సేవకులు చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి చొరబాటు మొక్కలను ఏరివేయడం. మరొకటి వచ్చినవారిని వెంటబెట్టుకొని ఒక్కొక్క మొక్కనూ పేరుతో పరిచయం చేయడం. రెండింటికీ పేర్లు తెలిసి ఉండాలి. పీకవలసినది ఏదో తెలియాలంటే పీకకూడనిది ఏదో ముందు తెలియాలి.

మా కలికిరికి 2013లో ఇంజనీరింగు కళాశాల, 2014లో సైనిక పాఠశాల వచ్చినవి. వందలకొద్దీ చురుకైన పిల్లలు. ఆ పిల్లలకు గాని, నడకలు నడిపించే పెద్దలకు గాని నేను చేసే మనవి ఇది:

మొదటి ఏడాది ఒక్క గుంత కూడా త్రవ్వవద్దు. ఒకే గుట్టను పన్నెండు నెలలూ నడవండి. ఏది ఎప్పుడు చిగిర్చిందో, పూచిందో, కాచిందో వ్రాసిపెట్టండి. మేకల కాపరిని గురువుగా పిలవండి. ఉప్మా ముందు ఆయనకు పెట్టండి. ఆయనను దొంగను చూచినట్లు చూచే నడకకు పోవద్దు.

మాఘం నుంచి వైశాఖం దాకా గుట్టకు నిప్పు భయం. మొక్క నాటే నూరుమందికన్న, ఎండుగడ్డి కోసి నిప్పుబాట తీసే పదిమంది గొప్పవారు. అయితే ఆ బాట ఎక్కడ తీయాలో ఊరివారినీ అటవీ సిబ్బందినీ అడిగి తీయండి.

చేతులు ఊరుకోకపోతే పులికంప మీద పడండి. పైపైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది. భూమిలోకి రెండు మూడు అంగుళాలు దిగి కాండం, వేరు కలిసే చోట తెగగొట్టి, పొదను తలక్రిందులు చేసి ఎండబెట్టాలి. కాయ పండక ముందే చేయాలి. ఖాళీ అయిన చోట ఆ గుట్ట గడ్డి విత్తనాలే చల్లాలి. లేకపోతే మళ్ళీ అదే వస్తుంది. ఇది ఒక ఆదివారపు పని కాదు, మూడు నాలుగేళ్ళ పని. ఫోటోకు అంత బాగా రాదు కూడా!

ఇక చివరిది, అన్నిటికన్న ముఖ్యమైనది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊళ్ళోని చెట్టూ చేమా, పురుగూ పుట్రా, వాటిని గురించి జనానికి తెలిసిన సంగతులూ వ్రాసిపెట్టే ప్రజా జీవవైవిధ్య పుస్తకం తయారుచేయడం ఆ కమిటీ పని. మీ పంచాయతీకి వెళ్ళి ఆ పుస్తకం చూపమనండి. ఉంటే తెరిచి అందులో వావిలి ఉన్నదా, బందారు ఉన్నదా చూడండి. లేకపోతే వ్రాయడానికి మీరే కూర్చోండి. 'బంజరు' అన్న ఒక్క మాటకు ఎదురుగా నిలబెట్టడానికి మనకు మూడువందల పేర్లున్న పుస్తకం కావాలి. రేపు గుట్ట మీదికి యంత్రం వచ్చిననాడు, అక్కడేమీ లేదని ఎవరో అన్ననాడు, ఇదిగో ఉన్నదని చూపగలిగిన కాగితం అదొక్కటే.

ఆ పని తెలుగు చదువుకొన్నవాళ్ళది. వృక్షశాస్త్రజ్ఞుడు లాటిన్ పేరు ఇస్తాడు; ముసలమ్మ ఊరి పేరు ఇస్తుంది; రెండింటినీ ఒక పంక్తిలో తప్పులేకుండా వ్రాసేవాడు కావాలి. ఇన్నేళ్ళూ పర్యాయపదాలు వల్లె వేయించిన పాపానికి నేను నోటుపుస్తకం కొని మొదలుపెట్టాను. ఇప్పటికి నూటపద్నాలుగు పేర్లయినవి. వాటిలో ముప్పైకి పైగా ఆ మేకల పెద్దాయన చెప్పినవే. మొదటి పుటలో మొదటి పేరు బందారు.

ఆయన వయస్సు ఎనభైకి దగ్గర. నేను నిదానంగా నడవడానికి వీలులేదు.